ఫ్రేముకు అడ్డొచ్చిన మనిషి

బ్యాటరీ మార్చాలి. కార్డు ఖాళీ చేయాలి. లెన్సు మూత తీసి జేబులో వేసుకోవాలి. చీకటి పడేలోగా మొదటి పేజీకి ఫోటో పంపాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఆ మూత సంగతి.

అది రేంజ్‌ఫైండర్ కెమెరా. ఫోటో తీసేది లెన్సు, కన్ను చూసేది పక్కనున్న వేరే కిటికీలోంచి. మూత ఉన్నా కంటికి లోకమంతా చక్కగానే కనబడుతుంది. పత్రికలో కొత్తగా చేరిన ఆమె పోయిన వారం ఒక పెద్ద సభ మొత్తాన్ని మూత తీయకుండానే ఫోటోలు తీసుకొచ్చింది.

"బాగుందమ్మా. అమావాస్య నాడు బొగ్గుల కొట్టు," అన్నాడు పత్రికాఫీసులో చీఫ్ ఫోటోగ్రాఫర్. అందరూ నవ్వారు.

ఇవాళ పొద్దున మాత్రం ఆయన నవ్వలేదు.

"ఇవాళ కూడా ఫోటో రాకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

వాళ్లింట్లో నెలజీతం అందుకున్న మొదటి మనిషి ఆమె.

ఇవాళ తీయాల్సింది వానలకు నానిపోయి కూలేలా ఉన్న మూడంతస్తుల పాత భవనాన్ని. మనుషుల్ని ఖాళీ చేయించి సందుకు అడ్డంగా తాడు కట్టారు.

సందు ఇరుకు. అందుకే ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సు పెట్టుకుంది. ఆ లెన్సుకు కనబడేదంతా కెమెరా కిటికీలో పట్టదు కాబట్టి, పైన ఇంకో చిన్న వ్యూఫైండర్ తగిలించింది.

అందులో భవనం అగ్గిపెట్టెంతై, ఎక్కడో వీధి చివర ఉన్నట్టుంది.

"అయిదే నిమిషాలు మేడమ్. పైనుంచి పెళ్లలు రాలుతున్నాయి," అన్నాడు కాపలా కానిస్టేబుల్.

ఆమె తాడు కిందనుంచి దూరింది. కెమెరా కంటికి పెట్టుకుంది. ఒక అడుగు ముందుకు. ఇంకో అడుగు.

"అమ్మా, వెనక్కి రా."

తెల్ల చొక్కా పెద్దాయన ఒకడు. ఎప్పుడు తాడు దాటాడో తెలియదు.

"ఇంకా చాలా దూరం ఉందండీ," అంది, కన్ను తీయకుండానే.

"దూరం లేదు తల్లీ. కెమెరా దించి చూడు."

ఆమె దించలేదు. వెలుగు తగ్గిపోతోంది.

పైన ఎక్కడో ఇటుక పగిలిన చప్పుడైంది. సున్నం పొడి రాలింది.

"అమ్మా!"

"ఒక్క నిమిషం ఆగండి బాబూ!"

పెద్దాయన ఇక పిలవలేదు. గోడ వైపునుంచి నడిచొచ్చి ఫ్రేములో నిలబడ్డాడు.

వ్యూఫైండర్‌లో మెరిసే గీతలుంటాయి. గీతల లోపలున్నదే ఫోటోలో పడుతుంది. బయటున్నది కూడా కంటికి మాత్రం తెలుస్తుంది.

ఆమె ఎడమకు జరిగింది. ఆయన గీత బయటనుంచి మళ్లీ లోపలికొచ్చాడు.

వెనక్కి వెళ్లింది. ఆయనా వచ్చాడు. బటన్ నొక్కిన ప్రతిసారీ అంచున ఆయనే.

"ఏంటండీ ఇది? పేపర్లో బొమ్మ పడాలనా?"

"పడనీ తల్లీ. ఇంకొంచెం జరుగు."

"నా ఉద్యోగం పోతుందండీ!"

"పోనీ."

ఆ ఒక్క మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీకేం, నోటికొచ్చింది అనేస్తారు. ఇంట్లో పొయ్యి వెలగాల్సింది ఈ జీతంతోనే!"

ఆయన మొహం క్షణంపాటు అదోలా అయింది. పక్కకు మాత్రం తప్పుకోలేదు.

ఆమె తిట్టుకుంటూ వెనక్కి నడిచి నడిచి తాడు ఇవతలికి వచ్చేసింది.

"కానిస్టేబుల్ గారూ! ముందు ఈయన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లండి."

కానిస్టేబుల్ ఆయన్ని రెక్క పట్టుకు లాగాడు.

"హీరో అవుదామనా పెద్దాయనా? పద, స్టేషన్లో నీ ఫోటోలు మేం తీస్తాం. ముందునుంచొకటి, పక్కనుంచొకటి."

ఆయన అతని వెంట నడిచాడు. ఆమె తాడు ఇవతలే ఉందో లేదో అని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంతే.

ఇప్పుడు ఫ్రేము ఖాళీ.

ఆమె మళ్లీ తాడు ఎత్తబోయింది.

గోడ కూలింది.

వేలు దానంతటదే బటన్ నొక్కింది.

ఆఫీసులో ఆ ఫోటో చూసి చీఫ్ కుర్చీలోంచి లేచాడు.

"ఇదే మొదటి పేజీ. ఉద్యోగం నీదే, పో!"



చీఫ్ ముందు తీసిన ఫోటోలు కూడా తిరగేశాడు.

"ప్రతిదాంట్లోనూ కుడి అంచున ఎవరితను?"

"ఎవరో పిచ్చాయన సార్. ఫోటోలో పడాలని తెగ తాపత్రయం."

చీఫ్ బొమ్మను పెద్దది చేశాడు.

వైడ్ లెన్సు అంచుల్లో ఉన్న మనిషిని సాగదీస్తుంది. పెద్దాయన చేతులు రబ్బరులా సాగి ఉన్నాయి. సాయంత్రం కోళ్లను గూట్లోకి తోలే మనిషిలా రెండూ చాచి ఉంచాడు.

మొహం కెమెరా వైపు లేదు. ఒక్క ఫోటోలోనూ లేదు. పైఅంతస్తు గోడ వైపే ఉంది.

"ఫోటో పిచ్చి ఉన్నవాడు లెన్సు వంక చూడడా?" అన్నాడు చీఫ్ నెమ్మదిగా. "మొదట నువ్వెక్కడ నిలబడ్డావు?"

ఆమె కూలిన గోడ ఫోటోలో ఆ చోటు మీద వేలు పెట్టింది.

వేలి కింద ఇటుకల గుట్ట.

ఆమె స్టేషనుకు పరిగెత్తింది.

"ఆయనా? బస్సెక్కించేశాం మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "మళ్లీ ఈ ఊళ్లో కనబడితే లోపలేస్తామని గట్టిగా చెప్పాం. మీరే కదా తీసుకెళ్లమన్నది?"

"ఏ ఊరి బస్సు?"

"ఏది ముందొస్తే అది. మేమూ అడగలేదు."

"ఆయన ఏమన్నా చెప్పారా?" అందామె.

"కెమెరా కంటికి పెట్టుకున్న పిల్లలకు చెవులు పనిచేయవు సార్, అడ్డం నిలబడితేనే జరుగుతారు అన్నాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావయ్యా అని అడిగితే..."

కానిస్టేబుల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మిగతాది చిన్న గొంతుతో చెప్పాడు.

ఎక్కడైనా కూలే గోడ దగ్గరో, కాలే కొంప దగ్గరో కెమెరాకు అడ్డం వచ్చే పెద్దాయన ఒకరు కనబడితే దయచేసి కసరకండి. ఫోటో తీస్తూ గోడ కింద నలిగి చనిపోయిన కొడుకును ఆ ఒక్కరోజు అడ్డుకోలేకపోయిన తండ్రి ఆయనేనని గుర్తుంచుకోండి.