ఉంగరమా, కత్తెరా

వెల్దుర్తి అవతల ఆ ఊళ్ళో సర్పంచి ఎన్నికంటే ఇద్దరే: బసవయ్య, కోటయ్య. గోడల నిండా వాళ్ళ మొహాలే. ఇద్దరిలో మంచోడెవరని అక్కడ ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతారు.

కోటయ్య గెలిస్తే ఓడినవాళ్ళ వీధికి కుళాయి నీళ్ళు ఆపేస్తాడు. బసవయ్య గెలిస్తే ఓడినవాళ్ళనే ఊళ్ళోంచి తరిమేస్తాడు. తేడా అంతే.

బడి దగ్గర ఆడవాళ్ళ లైన్లో సుందరి నిలబడింది. ఆమెది బసవయ్య వీధి. ముందున్న ఏంజెల్‌ది కోటయ్య వీధి. అయినా ఇద్దరికీ మాటలున్నాయి. ఆ ఊళ్ళో అది మామూలు విషయం కాదు.

"మీరు ముందుకెళ్ళండమ్మా," అన్నాడు కానిస్టేబుల్ సుందరిని చూసి.

"పర్లేదులే నాయనా," అంది.

"మూటలు కట్టి పెట్టా వదినా," ఏంజెల్ గొంతు తగ్గించి చెప్పింది. "పోయినసారి బసవయ్యన్న గెలిచిన రాత్రే మా తలుపులు పగలగొట్టారు గదా. వినుకొండలో ఒక్క గదిలో పడున్నాం ఏడాది. పిల్ల చదువు పోయింది. ఇప్పుడు మళ్ళీ టెన్త్‌కి కట్టింది. పరీక్షలు వచ్చే వారమే."

"చానా అవస్థ పడ్డారు."

"నువ్వేం చేస్తావులే. నీ చేతిలో ఏముంది?"

"ఒక ఓటుంది."

ఏంజెల్ నవ్వలేదు.

అంతలో బసవయ్య లైను పొడవునా నడుచుకుంటూ వచ్చాడు. అందరికీ చెప్పిందే సుందరికీ చెప్పాడు.

"ఉంగరం మీద గుద్దు. మడతపెట్టేటప్పుడు సిరా కత్తెరకి అంటుకుందంటే ఓటు చెల్లదు. తెలిసిందా?"

తలూపింది.

లోపల కాగితం చేతికిచ్చారు. పంచాయతీ ఓటు కాగితం మీద పేర్లుండవు, బొమ్మలే. ఉంగరం బసవయ్యది, కత్తెర కోటయ్యది. సుందరికి భయమేసింది. కోటయ్య గెలిస్తే ఎండాకాలమంతా దూరం బోరు నుంచి బిందెలు మోయాలి. తలుచుకుంటేనే నడుం పట్టేసింది. కానీ బిందెలు ఊళ్ళోనే ఉండి మోసుకోవచ్చు.

కత్తెర మీద గుద్దింది. సిరా ఉంగరానికి అంటుకోకుండా, ఆరేదాకా ఊది మరీ మడిచింది.

సాయంత్రం అదే బడిలో లెక్కపెట్టారు. ఒక్క ఓటు తేడాతో కత్తెర గెలిచింది. కిటికీ అవతల నిలబడ్డ ఏంజెల్ ఏసు ప్రభువుకి దండం పెట్టుకుంది.

బసవయ్య బల్ల మీద చరిచాడు.

"ఏంది సార్ ఇది? మళ్ళీ లెక్కపెట్టండి."

"మీరడిగితే కుదరదండీ," అన్నాడు ఎన్నికల అధికారి. "ఇది ఆడవాళ్ళ సీటు. అభ్యర్థి అడగాలి."

"అక్కర్లేదు సార్, లెక్క సరిగ్గానే ఉంది," అంది ఉంగరం గుర్తు మీద పోటీ చేసిన బసవయ్య భార్య, సుందరి.