చెదలు తిన్న రెండు పేజీలు

నాటకం రేపే. మూడో అంకంలో రెండు పేజీలు చెదలు తినేశాయి. ఎప్పటిదో పాత హాస్యనాటకం, ఇంకో ప్రతి ఎక్కడా దొరకలేదు. రాసిన మహానుభావుణ్ణి అడుగుదామంటే ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

"భార్య మాటలు అంతో ఇంతో మిగిలాయి, పోయినవన్నీ భర్త మాటలే. నువ్వే ఏదో ఒకటి అను, చూద్దాం," అన్నాడు దర్శకుడు.

భర్త వేషం వేసే నటుడు గొంతు సవరించుకున్నాడు. భార్య వేషం వేసే అమ్మాయిని నానా తిట్లూ తిట్టాడు.

"నీ మొహం. వాడు తిట్టేరకం కాదయ్యా. తిడితే జనం అసహ్యించుకుంటారు గానీ నవ్వరు. వాడు పెళ్ళాం మాట వినడు, అంతే. ఆవిడ ఒకటంటే వీడు ఇంకోటంటాడు. మొదటి అంకం నుంచీ చూడు, ఆవిణ్ణి ఒక్క ప్రశ్నైనా అడిగాడా? అడిగితే తన వస్తువుల గురించే. మనిషి గుట్టంతా మాటలోనే ఉంటుంది."

మూల కుర్చీలో కోటుకి గుండీలు కుడుతున్న ఆమె సూది ఆపింది. నాటక సమాజంలో అందరూ ఆమెని కుట్టక్క అంటారు. పదకొండు వేషాల బట్టలూ ఆమె చేతి మీదే నడవాలి.

"మా అమ్మకి మాట పడిపోయిందటండీ. తమ్ముడు ఆసుపత్రి నుంచి కబురు చేశాడు. సాయంత్రం బస్సుకి వెళ్ళి, రేపు ఆట టైముకల్లా..."

"ఆ గుండీలు గట్టిగా కుట్టు. పోయినసారి స్టేజీ మీదే ఊడిపడింది," అన్నాడు దర్శకుడు.

పొద్దుటినుంచి ఆమె అడగడం ఇది మూడోసారి. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం.

నటుడు ఈసారి మెత్తగా మాట్లాడి చూశాడు. అదీ కుదరలేదు. దర్శకుడు తల పట్టుకున్నాడు.

"ఒళ్ళు కాలిపోతోందండీ అంటుంది భార్య," అంది కుట్టక్క తలెత్తకుండానే. "'నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు' అంటాడు."

అందరూ ఆమె వైపు తిరిగారు. దర్శకుడు పెన్ను తీశాడు.

"ఊఁ, చెప్పు."

"రాత్రంతా కంటిమీద కునుకు లేదండీ అంటే, 'అయితే పెందలాడే లేచి నన్ను లేపు' అంటాడు."

"భేష్."

"నేనిక బతకనేమోనండీ అంటుంది. 'సరేలే, తలుపు దగ్గరగా వేసి వెళ్ళు' అంటాడు."

దర్శకుడు కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. నటులెవరూ నవ్వలేదు. భర్త వేషం అతను తన చెప్పుల వంకే చూసుకుంటున్నాడు.

"వీడే. అచ్చం వీడే," అంటూ దర్శకుడు గబగబా రాసుకున్నాడు. "ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో వీడి పెళ్ళాం. అవునూ, నీకెలా తట్టాయి ఇవన్నీ?"

"వింటూనే ఉంటాను కదండీ."

ఇప్పుడైనా ఆయనకి తెలిసొస్తుందని ఆశ పడింది, పిచ్చిది.

"చూశారా," అన్నాడాయన నటులతో. "మూల కూర్చుని నా రిహార్సళ్ళు వింటేనే ఈవిడకింత అబ్బింది. మీకేమో నూరిపోసినా ఎక్కదు."

కుట్టక్క దారం కొరికి లేచి నిలబడింది.

"బస్సు ఇంకో గంటలో ఉందండీ. మాట లేకపోయినా అమ్మ గుమ్మం వైపే చూస్తోందట. వెళ్ళొస్తాను."

"వెళ్దువుగానీలే. కోటు ఇస్త్రీ చేశావా?"

భార్య వేషం అమ్మాయి ఉండబట్టలేకపోయింది.

"పంపించండి మాస్టారూ. బట్టల సంగతి మేం చూసుకుంటాం."

"నాలుగో అంకం. అందరూ లేవండి," అన్నాడు దర్శకుడు.

కుట్టక్క ఇస్త్రీపెట్టె పెట్టింది. అది వేడెక్కేదాకా కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పదకొండు వేషాల బట్టలూ ఇస్త్రీ అయ్యేసరికి బస్సు టైము దాటిపోయింది.

అంకం సగంలో ఉండగా దర్శకుడి ఫోన్ మోగింది. విసుక్కుంటూ తీశాడు.

"బావగారూ, అమ్మ పోయింది," అన్నాడు అవతల కుట్టక్క తమ్ముడు, "అక్కకి మీరే కాస్త నెమ్మదిగా చెప్పండి."