వాగుడుకాయ మెషిన్

"అబిడ్స్ మెషిన్ బంద్ పెట్టు వైశాలీ," అన్నాడు మేనేజర్ విజయేందర్. "కడమ నాలుగింటి ఖర్చు సున్నా. గిదొక్కటే ఐదింటి డేటా తింటుంది. ఈ నెల ఖర్చు తగ్గకపోతే పైనోళ్లు ప్రాజెక్టే ఎత్తేస్తరు."

"జర ఆగండి సర్. రెండేళ్ల కష్టం. ఇయ్యాల్నే పోయి చూసొస్త."

నాంపల్లి ఆఫీసు కిటికీ అవతల తుంపర పడుతోంది. వైశాలి ముందున్న తెర మీద ఐదు చుక్కలు. ఒక ధర్మసంస్థ నడిపే ఐదు చిన్న దవాఖానల్లో ఐదు మెషిన్లు. కంటి ఫొటో చూసి షుగర్ దెబ్బను పసిగట్టడం వాటి పని. రోగి ఫొటో దవాఖాన గడప దాటదు. ఏ మెషిన్‌కా మెషిన్ తన దగ్గరికొచ్చిన కళ్లను చూసి నేర్చుకుంటుంది, నేర్చుకున్నది మాత్రం నాంపల్లికి పంపుతుంది. అందరి చదువూ ఇక్కడ కలిపి మళ్లీ అందరికీ పంచుతారు. ఆ రాకపోకలకే డేటా మంచినీళ్లలా ఖర్చయ్యేది.

దానికి విరుగుడు వైశాలికి వాళ్ల నాన్న రాంచందర్ దగ్గర దొరికింది. బేగం బజార్‌లో గుమాస్తాగా చేసే రోజుల్లో ఆయన ఆలస్యమైతేనే ఇంటికో మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఫోన్ మోగలేదంటే అంతా మామూలే, అన్నం వండుకోవచ్చు. నెల కిందట మెషిన్లకూ అదే నేర్పింది. కొత్తదేమైనా తెలిస్తేనే పలకండి, లేకపోతే గమ్మునుండండి!

అబ్బ, ఎంత ముద్దుగా విన్నాయో! వారం తిరక్కుండా నాలుగు చుక్కలు సద్దుమణిగాయి. నేర్వాల్సింది నేర్చేసి పాలు తాగిన పసిపిల్లల్లా పడుకున్నాయనుకుని మురిసిపోయింది పిచ్చిపిల్ల. అబిడ్స్ ఒక్కటే మొండిఘటం. పొద్దస్తమానం ఒకటే వాగుడు.

గొడుగు వేసుకుని నడిచింది. తుంపరలో అబిడ్స్ అంతా నీళ్ల అడుగున మెల్లగా కదులుతున్నట్టుంది. ఆటోల మోత కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. నడుస్తూనే కలగంది. ఐదో చుక్క కూడా నిమ్మళమైనట్టు, ఊళ్లో కళ్లన్నీ చల్లగా ఉన్నట్టు. ఆ కలలోంచి బయటికి రాబుద్ధి కాలేదు.

పోస్టాఫీసు వెనక సందులో దవాఖాన. జనం మెట్ల మీద, మెట్లు దిగి సందు మలుపు దాకా నిలబడ్డారు. లోపల మెషిన్ నడిపే కిష్టవ్వకు తల తిప్పే తీరిక లేదు.

"ఏంది కిష్టవ్వా, నీ మెషిన్ గిట్ల సతాయిస్తుంది? ఖరాబైందా?"

"దానికేం బిడ్డా, మంచిగున్నది. పొద్దుగాల్నుంచి దానికీ నాకూ దమ్ తీస్కునుడే లేదు."

"బేగం బజార్‌ది ఉన్నది, చాదర్‌ఘాట్‌ది ఉన్నది. నెల నుంచి చప్పుడే లేదు. ఎంత బుద్ధిగున్నయో! ఇది గిట్లనే వాగితే రేపు బంద్ పెట్టాలె."

కిష్టవ్వ చేతిలో పని ఆపి, వైశాలి మొహంలోకి వింతగా చూసింది.

"కడమ నాలుగు దవాఖానలు మూసి నెలాయె గద బిడ్డా!"