కట్టుగుడ్డ

ఒకప్పుడు తనతో తెప్ప మీద చేపల వేటకొచ్చిన పోలిరాజు ఇప్పుడు పూర్ణా మార్కెట్ అరుగుల మీద పడుకుంటున్నాడని తెలిసి, ఆటో నడిపే దుర్గారావు అతన్ని ట్రస్టు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చెవిలో ఎవరో తిడుతుంటారని పోలిరాజు మత్తుసూది పొడుచుకునేవాడు. మత్తు మాన్పించే వార్డువాళ్లు ముందు ఆ తిట్లు పోగొట్టుకు రమ్మన్నారు. పిచ్చివాళ్ల వార్డువాళ్లు ముందు సూది మానేసి రమ్మన్నారు. కనీసం చీము కారుతున్న చేతికి కట్టు కట్టమంటే, గుడ్డ లేదు పొమ్మన్నారు.

అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టి వెళ్లిన దుర్గారావు, రాత్రి ఇడ్లీ పొట్లంతో తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. చడీచప్పుడు లేదు. అంతలో ఆసుపత్రి వెనక చీకట్లోంచి దబ్బు, దబ్బుమని వినిపించింది. పోలిరాజు గెంతుకుంటూ వస్తున్నాడు.

"ఇప్పుడు సేర్సుకుంతారు బావా. సెవిలో తిట్లు ఆగిపోనాయి. సూది మీద మనసే నేదు."

"మరి గెంతుతన్నావేటి?"

"కట్టు కట్టినారు బావా."

దుర్గారావు ఆటో లైటు వేశాడు. చేతి పుండు అలాగే ఉంది. రెండు కాళ్ల బొటనవేళ్లూ కలిపి కొత్త కట్టుగుడ్డతో ముడేసి ఉన్నాయి.

"రా బావా, లోపలికెల్లి అడుగుదాం" అన్నాడు పోలిరాజు. "ఈసారేటి వంక సెప్తారో సూద్దాం."