జమ్మికుంటకు ఎవరు పోవాలి?

ఫిలిప్ మళ్లీ పిల్లిని పత్తిసంచిలో కుక్కుతున్నాడు. క్యాథరిన్‌కు దమ్ము లేచి ఆయాసం రాగానే దాన్ని జమ్మికుంటలో పెద్దమ్మ ఇంట్లో దించడం, తగ్గగానే తెచ్చుకోవడం నెలనెలా ఆ ఇంటి ఆచారమైపోయింది. పెద్దమ్మ పోసే పాలకు పిల్లి బలిసింది కూడా.

"ఇది పోంగనె నీకు తగ్గుతది గద!" అన్నాడు భార్యతో.

క్యాథరిన్ ఇన్‌హేలర్ పీల్చి, "పిల్లి పోయినందుకు కాదు, నెలసరి వచ్చినందుకు తగ్గుతది. నాలాంటోళ్లకు నెలసరి ముంగట దమ్ము ఎక్కువైతదట. ఫికర్ తోడైతే ఇంకింత లేస్తదని డాక్టరమ్మ చెప్పింది," అంది.

"నీకేం ఫికర్?"

ఆమె జవాబు చెప్పేలోపే ఫిలిప్ తల్లి మగ్దలేనమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, రోజూ అడిగేదే అడిగింది.

"ఈసారన్న నెల తప్పిందా, బిడ్డా?"

క్యాథరిన్ ఊపిరి ఈల వేసింది.

ఫిలిప్ భార్యను చూశాడు. తల్లిని చూశాడు. మెల్లగా సంచి మూతి విప్పాడు. పిల్లి దర్జాగా దిగి పొయ్యి దగ్గరకు నడిచింది.

కొడుకు చేతిలోని ఖాళీ సంచిని మగ్దలేనమ్మ చాలాసేపు చూసింది.

"ఈసారి అక్క ఇంటికి నేను పోత, కొడుకా," అంది చివరికి. "సంచి వద్దు. బస్సుల కూసుంట."