భోజనాల బల్ల మీది గంట

కొత్త చట్టం వచ్చాక ప్రతి ఆఫీసులోనూ భోజనాల బల్ల మీద నిమ్మకాయంత గంట ఒకటి వెలిసింది. ఎవరైనా ఎదుటివాళ్ల కులం కూపీ లాగబోతే చాలు, ఖంగున మోగేది. మొదట్లో ఇంటిపేరు అడిగితేనే మోగేది. దాంతో జనం "ఊళ్లో మీరు ఏ వైపమ్మా?" అనడం మొదలెట్టారు. గంట అదీ నేర్చుకుంది. "ఆదివారం ఏం వండుతారు?" అన్నారు. అదీ నేర్చుకుంది. చివరికి ఎందుకొచ్చిన గొడవని అందరూ తలలు దించుకుని, మాటా పలుకూ లేకుండా తినసాగారు.

వినీల అలాంటి ఒక ఆఫీసులో చేరి మూడు నెలలైంది. పేరూ ముఖమూ కనపడనివ్వని ఇంటర్వ్యూలో అందరికంటే ముందు నిలిచింది. ఉద్యోగం దొరికింది గానీ, పలకరింపే కరువైంది.

ఒక మధ్యాహ్నం ఆమె డబ్బా మూత తీయగానే, ఎదుట కూర్చున్న సత్యవాణిగారు ఉండబట్టలేక, "గోంగూర ఎండురొయ్యలా? ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

గంట ఖంగుమంది. పాపం, ఆవిడ ముఖం కందిపోయింది. "అయ్యో, వాసనకి నోరూరి అడిగానమ్మా, ఒట్టు!"

వినీల నవ్వింది. "మా నాయనమ్మండీ. మాది మాదిగవాడ. ఆవిడ ఈ కూర వండిన రోజు వీధంతా గిన్నెలు పట్టుకొచ్చేది."

అందరూ గంటకేసి చూశారు. అది కిక్కురుమనలేదు. అడిగితే మోగడమే గానీ, చెబితే మోగడం దానికెవరూ నేర్పలేదు.

సత్యవాణిగారు తన కంచం ముందుకు జరిపారు. "నాకూ కాస్త వడ్డించమ్మా."

ఆ మాట అడగడానికి ఇన్నాళ్లూ ఏ గంటా అడ్డుపడలేదు.