కుక్క దాక్కున్న ఇల్లు

కంచె మీదుగా గ్రేవీని అందించింది డోరీన్. పక్కింటి క్లైవ్ చేతులు చాచి ఆ బుల్లి కుక్కను అందుకున్నాడు.

"మొరగనివ్వకు నాయనా. ఆ ఏజెంటు పిల్లవి పాము చెవులు."

"పొయ్యి పక్కన పడుకోబెడతాలే పెద్దమ్మా. వెచ్చగా ఉంటే దీనికి లోకం పట్టదు."

మూడు నెలలకోసారి ఇదే తంతు. అద్దె ఇల్లు తనిఖీ చెయ్యడానికి ఏజెంటు వస్తుంది. ఇంట్లో జంతువులు ఉండకూడదని లీజులో ఉంది. అందుకని డోరీన్ ముందురోజే కుక్క గిన్నె, గొలుసు దాచేసి, సోఫా మీద బొచ్చంతా ఏరేస్తుంది. కుక్క మాత్రం కంచె దాటుతుంది.

ఓనర్ ఎవరో ఆమెకు తెలియదు. లాన్‌సెస్టన్‌లో అద్దెకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు గనక? లీజు మీద ఏదో కంపెనీ పేరుంటుంది. కుళాయి కారినా కప్పు కారినా ఏజెంటుకే మొరపెట్టుకోవాలి. దేవుడు వరమిచ్చినా శాపమిచ్చినా పూజారి నోటి మీదుగానే.

"ఈ అబద్ధాల బతుకు నాకు పడదు క్లైవ్," అంది డోరీన్. "పోయినసారి ఆ పిల్ల మొహం మీదే చెప్పాను, కుక్కా గిక్కా ఏమీ లేదని. ఈ వయసులో! ఆ పూట ముద్ద దిగలేదు."

"తప్పు నీది కాదు పెద్దమ్మా."

"నాది కాకపోతే ఇంకెవరిది? నీ చేత కూడా చేయిస్తున్నాను పాపం." గుడ్డలో చుట్టిన గుమ్మడికాయ స్కోన్లు కంచె మీద పెట్టింది. "వేడివేడివి. తిను."

క్లైవ్ ఆ మూట వంక చూశాడు గాని ముట్టుకోలేదు. పోయిన శీతాకాలం అద్దె పెరిగాక ఆమె ఇంటి పొగగొట్టంలోంచి చలిమంట పొగ రావడం బాగా తగ్గిపోయింది. సాయంత్రాలు కుక్కను చంకన పెట్టుకుని వచ్చి అతని పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. వెళ్తూ వెళ్తూ 'చల్లగా ఉండు నాయనా' అని దీవిస్తుంది. అతనికీ అప్పులున్నాయి, బ్యాంకు ఊపిరాడనివ్వడం లేదు. అయినా ఆ దీవెన వింటే తల ఎత్తలేకపోతున్నాడు.

"ఇంకోమాట." డోరీన్ గొంతు తగ్గించింది. "ఇల్లు అమ్మేస్తారని కొట్లో ఎవరో అన్నారు. కొన్నవాళ్లు నన్నుండనిస్తారా? ముసలిదాన్ని, పైగా కుక్కొకటి. నాకు ఇల్లెవరిస్తారు? దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యాల్సొస్తే నేను బతకను క్లైవ్."

అతను గ్రేవీ చెవులు నిమిరాడు.

"ఏజెంటును అడగాలంటే నాకు నోరు పెగలదు. నువ్వడిగి చెప్తావా, ఆ ఓనర్ మహానుభావుడి మనసులో ఏముందో?"

"అడుగుతాలే," అన్నాడు. ఆ మాట అతనికే సరిగ్గా వినపడలేదు.

"నువ్వే లేకపోతే ఈ వీధిలో నాకు దిక్కెవరు!"

ఏజెంటు కారు వచ్చి ఆగింది. డోరీన్ తలుపు తీసిచ్చి, అక్కడ నిలబడలేక, పాలు తెచ్చుకుంటానని కొట్టుకు బయల్దేరింది.

క్లైవ్ కిటికీ తెర వెనక్కి చేరాడు. ఈసారి నోరు విప్పాలి, కుక్క సంగతీ పొగగొట్టం సంగతీ అన్నీ కక్కేయాలి అనుకున్నాడు. పోయినసారి కూడా అలాగే అనుకున్నాడు.

కాసేపటికి ఏజెంటు టెగన్ అతని గేటు తీసుకుని లోపలికి వచ్చింది. పొయ్యి పక్కన గ్రేవీ ఒక్కసారి మూలిగి మళ్లీ నిద్రలోకి జారుకుంది. క్లైవ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"క్లైవ్ గారూ, మీ అద్దె ఇంటిని అద్దంలా ఉంచిందండీ ముసలావిడ," అంది టెగన్ నవ్వుతూ, "మీరు చెప్పినట్టే అమ్మకం బోర్డు ఇవాళే పాతించెయ్యనా?"